బోన్‌లో ఒక రోజు కాలినడకన: రైలు దిగింది మొదలు మళ్ళీ ఎక్కేదాకా

పారిస్ చూసేశాం, ఈఫిల్ టవర్ అయిపోయింది, ఇంకో రోజు చేతిలో ఉంది, ఏదైనా చిన్న ఊళ్ళో హడావుడి లేకుండా నడుచుకుంటూ గడపాలంటే ఎక్కడికి వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి? ఫ్రాన్స్‌లో చదువుకునేవాళ్ళు, జర్మనీలో ఉద్యోగాలు చేసేవాళ్ళు, పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు పదే పదే అడిగే ప్రశ్న ఇది. అందుకు బాగా కుదిరే ఊరు బోన్. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో, దిజోన్ నగరానికి దక్షిణంగా నలభై కిలోమీటర్ల లోపే ఉంటుంది. జనాభా ఇరవై వేల చిల్లర. పాత ఊరు గుండ్రటి కోటగోడ లోపల ఉంటుంది కాబట్టి ఈ కొస నుంచి ఆ కొసకి పావుగంట నడక. బస్సు అక్కర్లేదు, కారు అసలే అక్కర్లేదు.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఇలాంటి ఊళ్ళో రోజంతా మధ్యాహ్న భోజనం చుట్టూ తిరుగుతుంది. పన్నెండు నుంచి రెండు దాకా చాలా దుకాణాలు తలుపులు మూస్తాయి. వంటశాలలు ఆర్డరు తీసుకునేది కూడా ఇంచుమించు ఆ వేళలోనే, ఒకటిన్నర దాటితే చాలాచోట్ల లేదంటారు. మన అలవాటు ప్రకారం రెండింటికి భోజనానికి బయల్దేరిన కుటుంబాలు ఎండలో, మూసిన తలుపుల మధ్య తిరిగి విసిగిపోయి వెనక్కి వస్తాయి. కాబట్టి భోజనం వేళ మొదట ఖాయం చేసుకుని, మిగతావన్నీ దానికి అటూ ఇటూ అమర్చుకోండి.

కావలసినవి

- అలవాటైన బూట్లు. వీధులు రాతిపరుపు, సందుల్లో కాలు మడతపడుతుంది. కొత్త బూట్లు, ఎత్తు మడమల చెప్పులు వద్దు. పిల్లల బండి తెస్తే చక్రాలు పెద్దవై ఉండాలి.
- ముప్పై నలభై యూరోలు, చిన్న నోట్లూ నాణేలూగా. కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది గానీ సంతలో చిన్న కొనుగోళ్ళకు చిల్లరే సుఖం.
- నీళ్ళ సీసా, గుడ్డ సంచి, సన్నటి జాకెట్. మే నెలలో కూడా ఉదయం చలిగా ఉంటుంది.
- ఫోన్‌లో ముందే దించుకున్న ఊరి మ్యాపు, టికెట్ల స్క్రీన్‌షాట్లు.
- వీపున ఒక్క బ్యాగు. సూట్‌కేసులు బసలోనే వదిలి రండి. చిన్న స్టేషన్లలో లగేజీ దాచే గది ఉంటుందని నమ్ముకోకండి.

1. రోజు ఎంచుకోండి

అన్నిటికన్నా మంచిది శనివారం. ఆ ఉదయం పెద్ద సంత ఉంటుంది. బుధవారం కూడా సంత ఉంది గానీ చిన్నది. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా దుకాణాలు మూతపడతాయి. చూడటానికి వచ్చినవాళ్ళకు ఊరు నిద్రపోతున్నట్టు ఉంటుంది. మే 1, మే 8, జులై 14, ఆగస్టు 15, నవంబరు 1, నవంబరు 11 సెలవు రోజులు. అవి శనివారం పడ్డాయేమో చూసుకోండి.

నవంబరు మూడో ఆదివారం ఇక్కడ ప్రసిద్ధమైన వైన్ వేలం జరుగుతుంది. 1859 నుంచి సాగుతున్న ఆనవాయితీ అది. ఆ రెండుమూడు రోజులూ ఊరు కిటకిటలాడుతుంది, గదులు దొరకవు. తాపీగా నడవాలనుకుంటే ఆ వారం వదిలేయండి. నడకకు మే, జూన్, సెప్టెంబరు బాగుంటాయి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో ఐదింటికే చీకటి.

2. భోజనానికి చోటు ముందే చెప్పి ఉంచండి

శనివారం పన్నెండున్నరకు టేబుల్ కావాలని రెండుమూడు రోజుల ముందు ఫోన్‌లోనో నెట్‌లోనో చెప్పండి. ఆ ఫోన్‌లోనే శాకాహారులు ఎంతమందో కూడా చెప్పేయండి. అక్కడికి వెళ్ళాక చెబితే ఆకులూ టమాటాలూ వేసిన పళ్ళెమే గతి. ముందే తెలిస్తే వంటవాళ్ళు నిజంగానే ఏదో ఒకటి చేసిపెడతారు.

3. రైలు టికెట్లు

పారిస్ నుంచి అయితే గార్ ద లియోన్ స్టేషన్‌లో టీజీవీ అనే వేగపు రైలు ఎక్కి దిజోన్‌లో దిగండి, సుమారు గంటా ముప్పై ఐదు నిమిషాలు. దిజోన్‌లో టీఈఆర్ అనే ప్రాంతీయ రైలు మారితే ఇరవై, పాతిక నిమిషాల్లో బోన్. లియోన్ నుంచి అయితే నేరుగా టీఈఆర్ ఉంటుంది, రెండు గంటల ప్రయాణం అనుకోండి. టీజీవీ టికెట్ ఎంత ముందు కొంటే అంత చవక. టీఈఆర్‌కి సీటు రిజర్వేషన్ ఉండదు, ఆ రోజే కొనుక్కోవచ్చు.

టికెట్ కొనేటప్పుడు జరిగే పొరపాట్లు మూడు.

గార్ ద లియోన్ అంటే లియోన్ నగరంలోని స్టేషన్ కాదు, పారిస్‌లోదే. లియోన్ వైపు రైళ్ళు బయల్దేరే చోటు కాబట్టి ఆ పేరు. దానికి దగ్గర్లోనే బెర్సీ అని ఇంకో స్టేషన్ ఉంది. దిజోన్‌కి వెళ్ళే నెమ్మది రైళ్ళు అక్కడి నుంచి బయల్దేరతాయి, మూడు గంటలు పడుతుంది. చవక కావచ్చు గానీ ఒక్కరోజు ప్రయాణానికి పనికిరాదు. టికెట్ మీద స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి.

రెండోది ఊరి పేరు. బోన్ లా రోలాండ్ అని వేరే ఊరు ఉంది, అది ఎక్కడో లువారే జిల్లాలో. జర్మనీలో బాన్ నగరం పేరు కూడా చెవికి ఇంచుమించు ఇలాగే వినిపిస్తుంది. మీకు కావలసింది కోత్ దోర్ జిల్లా బోన్, పిన్ కోడ్ 21200.

మూడోది, కాగితం టికెట్ తీసుకుని దాని మీద కంపోస్టే అనే మాట ఉంటే ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మరిచిపోతే టికెట్ ఉన్నా జరిమానా పడొచ్చు. ఫోన్ టికెట్‌కి ఈ బెడద లేదు.

సమ్మెలు ఫ్రాన్స్‌లో మామూలే. సమ్మె ఉన్న రోజుల్లో ఏ రైళ్ళు నడుస్తాయో ముందురోజు సాయంత్రం ఐదింటికల్లా రైల్వేవాళ్ళు ప్రకటిస్తారు. శుక్రవారం సాయంత్రం ఒకసారి ఆప్ తెరిచి చూడండి.

4. స్టేషన్ నుంచి ఊళ్ళోకి

తొమ్మిదిన్నర ప్రాంతంలో దిగేలా చూసుకోండి. స్టేషన్ ఊరికి తూర్పున ఉంటుంది. బయటికి రాగానే ఎదురుగా ఉన్న అవెన్యూ 8 సెప్టెంబర్ పట్టుకుని పడమటికి నేరుగా నడవండి. ఊరిని చుట్టి వచ్చే పెద్ద రోడ్డు అడ్డం వస్తుంది, దాన్ని సిగ్నల్ దగ్గరే దాటండి. అవతల కోటగోడ, దాని లోపల పాత ఊరు. మొత్తం పది పన్నెండు నిమిషాలు. చెట్లూ బెంచీలూ ఉన్న కూడలి కనిపిస్తే అది ప్లాస్ కార్నో, ఊరి నడిబొడ్డు. పావుగంట నడిచినా కోటగోడ కనిపించలేదంటే తప్పు దిక్కున పోతున్నారన్నమాట.

5. సంత

కార్నో కూడలి పక్కనే ప్లాస్ ద లా ఆల్. కప్పు కింద కొంత, బయట కొంత సంత పరుచుకుని ఉంటుంది. పన్నెండున్నరకల్లా సర్దేస్తారు కాబట్టి మొదటి గంట దీనికే ఇవ్వండి.

ఏ దుకాణం ముందు నిలబడినా మొదట "బోంజూర్" అనాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, అవసరం. బోంజూర్ అనకుండా "ఇదెంత?" అని అడిగితే వాళ్ళకు అది తలుపు కొట్టకుండా ఇంట్లోకి వచ్చినట్టు. ముఖం ముడుచుకుంటే ఫ్రెంచివాళ్ళు పొగరుమోతులని మనవాళ్ళు అనుకుంటారు. సగం సందర్భాల్లో కారణం ఈ ఒక్క మాట లేకపోవడమే.

పండ్లు చేత్తో ముట్టుకోకండి. మన రైతుబజార్లో మామిడిపండు నొక్కి చూసినట్టు ఇక్కడ నొక్కితే ఊరుకోరు. అమ్మే మనిషే ఏరి ఇస్తుంది. కర్బూజా అడిగితే ఈ పూటకా రేపటికా అని అడుగుతుంది. ఈ పూటకే అయితే "పూర్ ఓజూర్దుయి" అనండి. కాయను ముక్కు దగ్గర పెట్టుకుని, తొడిమ దగ్గర వేలితో తడిమి, సరిగ్గా ఆ మధ్యాహ్నానికి పండేది తీసి ఇస్తుంది.

చీజ్ అంగట్లో ధర కిలోకి రాసి ఉంటుంది. అది చూసి బెదరొద్దు. ఇద్దరికి కోంతే చీజ్ నూట యాభై గ్రాములు చాలు. అమ్మేవాడు పెద్ద చక్రం మీద చాకు ఆనించి, కోయకుండా ఆగి, మీ ముఖం వైపు చూస్తూ "కొమ్ సా?" అంటాడు. ఇంతేనా అని. చాకు కొంచెం ఇవతలికి జరపాలంటే "అన్ పె మ్వాన్" అనండి, జరుపుతాడు. ఒప్పుకున్నాకే కోస్తాడు, కోశాక వద్దంటే బాగుండదు. అక్కడే పలచగా ముక్కలు చేయమంటే మీకు చాకు అవసరం రాదు.

కచ్చితమైన శాకాహారులకు ఒక మాట. కోంతే, ఎప్వాస్ లాంటి సంప్రదాయ చీజ్‌లకు పాలు విరగ్గొట్టేది దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో. ఎప్వాస్ పైపొరను ద్రాక్షసారాతో కడుగుతారు కూడా. మీకు అది పట్టింపు అయితే చీజ్ మానేసి మామూలు రొట్టె, పండ్లు తీసుకోండి, లేదా తేనె, సుగంధద్రవ్యాలు వేసి చేసే పేన్ దెపీస్ అనే తీపి రొట్టె తీసుకోండి. గుడ్డు ఉందా అని మాత్రం అడగండి, కొందరు వేస్తారు.

6. ఓతెల్ ద్యూ

పేరులో హోటల్ వినిపిస్తుంది గానీ ఇది పాతకాలపు ధర్మాసుపత్రి. వందేళ్ళ యుద్ధం, కరువు, మహమ్మారి మిగిల్చిన పేదరికం చూసి, బర్గండీ ప్రభువు దగ్గర ప్రధాన మంత్రిగా ఉన్న నికొలా రోలాన్, ఆయన భార్య గిగోన్ ద సలాన్ 1443లో దీన్ని కట్టించడం మొదలుపెట్టారు. 1452 జనవరి 1న మొదటి రోగిని చేర్చుకున్నారు. 1971 దాకా ఇక్కడ వైద్యం జరిగింది.

టికెట్ ముందుగా నెట్‌లో కొనండి, పదకొండుకు లోపలికి వెళ్ళేలా. గంటంబావు కేటాయించండి. వీధిలోంచి చూస్తే నల్లటి పలకరాయి కప్పుతో మామూలు భవనంలా ఉంటుంది. ఫొటోల్లో చూసిన రంగురంగుల కప్పు ఏదీ, చోటు తప్పామా అని చాలామంది తటపటాయిస్తారు. తప్పలేదు. ఆ మెరుగుపెంకులు లోపలి ఆవరణ వైపే ఉన్నాయి. ఎరుపు, గోధుమ, పసుపు, ఆకుపచ్చ రంగుల పెంకులను చాప అల్లినట్టు పేర్చారు. వాన వెలిసిన వెంటనే చూస్తే ఇంకా బాగుంటాయి.

పేదల సాల అనే హాలు యాభై మీటర్ల పొడవు. పైకప్పు బోర్లించిన పడవలా ఉంటుంది. ఎర్రటి తెరలు కట్టిన మంచాలు రెండు వరుసలు. తల పైకెత్తి దూలాల చివర్లు చూడండి, ఒక్కో దూలం రంగులు పూసిన ఒక్కో రాక్షసి నోట్లోంచి వస్తున్నట్టు ఉంటుంది. నేల పలకల మీద ఎన్, జి అనే రెండు అక్షరాలు పెనవేసుకుని కనిపిస్తాయి, భార్యాభర్తల పేర్లవి. తర్వాత వంటశాల, మందులగది, చివర్లో చీకటి గదిలో రోజియర్ వాన్ డెర్ వైడెన్ గీసిన అంతిమ తీర్పు చిత్రం. మధ్యలో దేవదూత త్రాసులో మనుషులను తూస్తుంటాడు. మన చిత్రగుప్తుడి లెక్క వీళ్ళకూ ఉందని పెద్దవాళ్ళు చప్పున పోలుస్తారు. ఎక్కడ తొందరపడినా ఈ గదిలో పది నిమిషాలు కూర్చోండి.

7. భోజనం

పన్నెండున్నరకు కూర్చున్నారు. గోడ మీద పలకపై సుద్దతో రాసిన మెనూ చూడండి, రోజువారీ భోజనం అదే, విడివిడిగా తీసుకునేదానికన్నా చవక. "ఆంత్రే" అంటే ఇక్కడ మొదట తినే చిన్న వంటకం, అసలు వంటకం "ప్లా", తీపి "దెసేర్". అమెరికాలో ఉండి వచ్చినవాళ్ళు ఆంత్రేని ప్రధాన వంటకం అనుకుని, పిడికెడు వస్తే కంగుతింటారు.

మంచినీళ్ళకు "యూన్ కరాఫ్ దో" అనండి. కుళాయినీళ్ళు జాడీలో ఉచితంగా ఇస్తారు, తాగడానికి మంచివే. ఉత్తినే నీళ్ళు అంటే సీసా తెచ్చి డబ్బు వేస్తారు. రొట్టె కూడా ఉచితమే.

శాకాహారులు చెప్పవలసిన మాట: "జ న మాంజ్ ని వ్యాండ్, ని ప్వాసోన్", మాంసమూ చేపా తినను అని. ఒట్టి వెజెతారియన్ అని ఊరుకుంటే చేప తెచ్చేవాళ్ళున్నారు. సలాడ్లలో లార్దోన్ అనే పందిమాంసపు ముక్కలు వేయడం ఇక్కడ మామూలు, పేరులో రాయరు. "సాన్ లార్దోన్" అని గట్టిగా చెప్పండి. గుడ్డు తినేవాళ్ళు ఉఫ్ ఆన్ మురెత్ చూసి సంబరపడతారు గానీ ఆ ఎర్రటి పులుసులో వైన్ తోపాటు ఆ ముక్కలే ఉంటాయి. గుజేర్ అనేవి చీజ్ వేసిన, ఉబ్బిన గుండ్రటి బన్నుల్లాంటివి, గుడ్డూ చీజూ తినేవాళ్ళకు ఇబ్బంది లేనివి. మాంసాహారులకు బెఫ్ బుర్గిన్యోన్ గొడ్డుమాంసం, జాంబోన్ పెర్సియే పందిమాంసం, తెలిసి ఆర్డరివ్వండి.

బిల్లు అడిగేదాకా తేరు. అడగకుండా తేవడం వాళ్ళ లెక్కలో లేచిపొమ్మన్నట్టు. "లాదిసియోన్, సిల్ వు ప్లే" అనండి. సర్వీసు ధర అందులోనే ఉంటుంది. కాఫీ అంటే చిన్న గ్లాసులో చిక్కటి డికాక్షన్ వస్తుంది, పాలతో కావాలంటే "కఫే క్రెమ్".

టేబుల్ దొరకలేదా? సంతలో కొన్నవాటితో బూజేజ్ పార్కులో గడ్డి మీద కూర్చోండి. రొట్టె దుకాణంలో ఒంటిగంటకు ముందే తీసుకోవాలి, ఆ తర్వాత మూసేస్తారు.

8. కోటగోడ చుట్టూ

రెండు గంటలకు, ఊరు ఇంకా కునుకు తీస్తుండగా, ఇది మొదలుపెట్టండి. చుట్టుకొలత రెండు కిలోమీటర్ల పైచిలుకు. గడియారం ముల్లుకు ఎదురుగా తిరగండి. గోడ మీద అంతటా నడవడం కుదరదు, కొన్ని బురుజులు వైన్ వ్యాపారుల సొంతం. దారి ఒకచోట గోడ మీద, ఒకచోట పాత అగడ్త పక్కన సాగుతుంది. గేటు మూసి ఉంటే కిందికి దిగి నడిచి, మళ్ళీ మెట్లు వచ్చినచోట ఎక్కండి. చెట్ల నీడ ఉన్న రాంపార్ దే దామ్ దగ్గర ఆగండి, అక్కడి బెంచీల కోసమే ఈ చుట్టు. ముప్పావు గంట నడకను గంటంబావుకు సాగదీస్తే సరిగ్గా నడిచినట్టు.

తిరిగి ఊళ్ళోకి వచ్చాక నోత్ర్ దామ్ గుడి చూడండి, పన్నెండో శతాబ్దంలో మొదలైన కట్టడం. అక్కడి నుంచి రెండు నిమిషాల్లో మోంజ్ కూడలి. గంటస్తంభం పక్కన నిలబడ్డ విగ్రహం గస్పార్ మోంజ్‌ది, 1746లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. బీటెక్ మొదటి ఏడాది డ్రాఫ్టర్ పట్టుకుని గీసిన ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ, ఆ లెక్కంతా ఈయన పద్ధతే. విగ్రహం చెక్కింది ఫ్రాన్స్వా రూద్, పారిస్ విజయతోరణం మీది ప్రసిద్ధ శిల్పం చేసింది కూడా ఆయనే.

9. ఆవాలా, ద్రాక్షతోటలా? ఒకటే

రెండూ పెట్టుకుంటే రోజు పరుగైపోతుంది.

ఆవాలు అయితే: పశ్చిమాన గోడ బయట ఫాలో వారి మస్టర్డ్ మిల్లు, 1840 నాటిది. గైడుతోనే చూపిస్తారు, వేళ ముందుగా నెట్‌లో తీసుకోవాలి. ఉత్తినే వెళితే దుకాణం వరకే. వాళ్ళు వాడే గోధుమరంగు ఆవాలు మన పోపులపెట్టెలో ఉండే జాతే. రాతి తిరగలిలో నెమ్మదిగా నూరుతారు, ఎందుకంటే ముద్ద వేడెక్కితే ఘాటు పోతుంది. ఆవ పెట్టిన కూర తెలిసిన నాలుకకు ఇక్కడి రుచి వెంటనే దగ్గరవుతుంది. సీసా కొంటే చెక్-ఇన్ సామానులోనే పెట్టండి. విమానంవాళ్ళు మస్టర్డ్‌ని ద్రవం కింద లెక్కేస్తారు, చేతిసంచిలో వంద మిల్లీలీటర్లు దాటితే అక్కడే చెత్తబుట్టలోకి.

తోటలు అయితే: వాయవ్యంగా బూజేజ్ పార్కు దాకా నడవండి, ఊట నీళ్ళతో నిండిన చెరువు, బాతులు ఉంటాయి. పార్కు దాటితే తోటలే. హైదరాబాద్ చుట్టుపక్కల పందిరి ద్రాక్ష చూసిన కళ్ళకు ఇవి వింతగా ఉంటాయి: నడుము ఎత్తు తీగలు, మీటరు ఎడంతో వరుసలు, హెక్టారుకు పదివేల మొక్కల లెక్కన. 2015లో ఈ తోటలకు యునెస్కో గుర్తింపు వచ్చింది. దారి మీదే నడవండి, వరుసల్లోకి దిగకండి, ఒక్క పండు కూడా కోయకండి. మందు కొట్టే ట్రాక్టరు కనిపిస్తే గాలి ఎటు వీస్తోందో చూసి పక్కకు తప్పుకోండి. నీడ ఉండదు, జులై ఆగస్టుల్లో నాలుగున్నర దాటాకే వెళ్ళండి. ఓపికున్నవాళ్ళు వ్వా దే వీన్యె అనే తోటల బాట గుర్తులు పట్టుకుని మూడున్నర కిలోమీటర్ల దూరంలోని పొమ్మార్ అనే ఊరి దాకా వెళ్ళొచ్చు, కానీ తిరుగు నడక కూడా లెక్కలో వేసుకోండి.

10. సరిగ్గా సాగుతోందా చూసుకోండి

- పన్నెండు గంటలు మోగేసరికి మీరు భోజనం చోటికి పది నిమిషాల దూరంలో ఉండాలి. లేకపోతే చూస్తున్నది ఆపి బయల్దేరండి.
- డబ్బు కట్టి చూసేవి రెండు దాటకూడదు.
- సాయంత్రానికి ఫోన్‌లో తొమ్మిది పది కిలోమీటర్లు చూపించాలి. పద్నాలుగు చూపిస్తే ఏదో ఒకటి ఎక్కువైంది, పెద్దవాళ్ళుంటే తోటల భాగం తగ్గించండి.
- కూర్చోకుండా గంటన్నర దాటితే ఎక్కడైనా కాఫీకి ఆగండి. మరుగుదొడ్డి కూడా అక్కడే తేలిగ్గా దొరుకుతుంది.

11. తిరుగు రైలు

దిజోన్‌లో టీజీవీ మారాలంటే మధ్యలో కనీసం అరగంట ఉండేలా బోన్ రైలు ఎంచుకోండి. టీఈఆర్ పది నిమిషాలు ఆలస్యమైనా మీ టీజీవీ ఆగదు. చివరి రైలు మీద ఆశ పెట్టుకోకుండా దానికి ముందుది అనుకోండి. మోంజ్ కూడలి నుంచి స్టేషన్‌కి పావుగంట. రైలుకు నలభై నిమిషాల ముందు లేస్తే దారిలో రొట్టె దుకాణంలో రాత్రికి ఏమైనా కట్టించుకోవడానికి వేళ మిగులుతుంది. రాత్రి దిజోన్ స్టేషన్‌లో శాకాహారం దొరుకుతుందని నమ్ముకోకండి. బోన్ స్టేషన్‌లో బోర్డు మీద రైలు నంబరు, ప్లాట్‌ఫారం రెండూ చూసుకున్నాకే మెట్లు దిగండి. దిజోన్ వైపు, లియోన్ వైపు రైళ్ళు ఒకటి వెనక ఒకటి వస్తుంటాయి.